పట్టా ఎంత లోతు?

మౌంట్ రాస్కిల్‌లో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లకి ఒక చిన్న పని చెప్తాను. కొన్నప్పుడు లాయరు పంపిన టైటిల్ కాయితం ఏదో ఫైల్లో ఉంటుంది కదా, అది తీసి చివర చిన్న అక్షరాల్లో ఉన్న నాలుగైదు లైన్లు చదవండి. మీది ఒకప్పటి స్టేట్ హౌస్ అయితే, అంటే ప్రభుత్వం కట్టించి ఆ తర్వాత అమ్మేసిన ఇల్లయితే (మా పేటలో అలాంటివి ఏ వీధికెళ్లినా కనిపిస్తాయి), అక్కడ దాదాపు ఇలా ఉంటుంది: పెట్రోలియం యాక్టు 1937 మూడో సెక్షనుకి లోబడి, అటామిక్ ఎనర్జీ యాక్టు 1945 ఎనిమిదో సెక్షనుకి లోబడి, జియోథర్మల్ ఎనర్జీ యాక్టు 1953 మూడో సెక్షనుకి లోబడి... ఇలా సాగుతుంది జాబితా.

మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. పెరట్లో కరివేపాకు మొక్కే బతకట్లేదు, ఇక యురేనియం కూడానా! లాయర్ని అడిగితే "ఇది మామూలే, పట్టించుకోకండి" అన్నాడు. పట్టించుకోవద్దన్నదాన్ని పట్టించుకోవడం ప్రోగ్రాములు రాసేవాడికి అలవాటే కదా. ఆ మూడో సెక్షను వెనకాల ఏముందో తవ్వుకుంటూ పోతే టారానాకి దాకా, టెక్సస్ దాకా, చివరికి మా అమ్మమ్మగారి కోనసీమ దాకా వెళ్లాల్సొచ్చింది. ఆ ప్రయాణమే ఈ టపా.

ముందు 1937 సంగతి. న్యూజిలాండులో మొదటి లేబర్ ప్రభుత్వం, ప్రధాని మైకేల్ జోసెఫ్ సావేజ్. ఇక్కడ పాత ఇళ్లలో ఆయన ఫోటో గోడకి వేలాడేదంటారు, మన ఇళ్లలో గాంధీగారి పటంలాగా. ఆ ఏడాది సెప్టెంబరులో వెల్లింగ్టన్ దగ్గర మిరమార్‌లో మొట్టమొదటి స్టేట్ హౌసు తెరిచారు. అద్దెకొస్తున్న కుటుంబం తాలూకు భోజనాల బల్లని ప్రధాని స్వయంగా మోసుకుంటూ లోపలికి తీసుకెళ్లాడు. ఆ ఫోటో ఈ దేశపు చరిత్ర పుస్తకాల్లో తప్పకుండా ఉంటుంది. అదే ప్రభుత్వం అదే ఏడాది చివర్లో పెట్రోలియం యాక్టు తెచ్చింది. అందులో మూడో సెక్షను చెప్పేది ఒకే మాట: ఈ దేశంలో ఏ భూమి కిందనైనా సహజంగా ఉన్న పెట్రోలియం అంతా క్రౌన్‌ది, అంటే ప్రభుత్వానిది. భూమి ఎవరి పేరున ఉన్నా సరే, పట్టా ఎప్పటిదైనా సరే. టైటిల్లో రాసి ఉన్నా లేకపోయినా ఆ మాట అందరికీ వర్తిస్తుంది. నష్టపరిహారం లేదు. 1991లో వచ్చిన క్రౌన్ మినరల్స్ యాక్టు కూడా పదో సెక్షనులో అదే మాట నిలబెట్టింది. పెట్రోలియం, బంగారం, వెండి, యురేనియం ఈ నాలుగూ ప్రభుత్వానివే. ఒక చేత్తో భోజనాల బల్ల మోసి, రెండో చేత్తో నేల కింద ఉన్నది తీసుకున్నారన్నమాట.

దురుద్దేశంతో చేశారని నేననను. బ్రిటన్ 1934లోనే ఇలాంటి చట్టం చేసుకుంది. యుద్ధం వచ్చేలా ఉంది, నౌకలు బొగ్గు మానేసి చమురుకి మారాయి. పైగా చమురుకీ బొగ్గుకీ ఒక తేడా ఉంది. బొగ్గు ఉన్నచోటే ఉంటుంది. చమురు, గ్యాసు కదులుతాయి. నా స్థలంలో బోరు వేస్తే పక్కవాడి స్థలం కింద ఉన్నది కూడా లాగెయ్యచ్చు. అమెరికా కోర్టులు పందొమ్మిదో శతాబ్దంలో దీన్ని ఏకంగా సూత్రమే చేసేశాయి: ఎవరి బోరులోంచి వస్తే వారిదే. ఫలితం, పాత ఫోటోల్లో టెక్సస్ స్పిండిల్‌టాప్ చూడండి, 1901 తర్వాతది. కొబ్బరి తోటలా డెరిక్కులు, ఒకదాని మీద ఒకటి పడేలా. పక్కవాడికంటే ముందు తోడెయ్యాలన్న ఆత్రం. మన ఊళ్లలో ఎండాకాలం బోర్లు పోటీపడి వేసుకున్నట్టే. కాబట్టి చమురంతా ఒకరి చేతిలో ఉండటంలో న్యాయం ఉంది, కాదనను.

అయితే ఆ ఒక్క వాక్యంతో భూమి యజమాని చేతిలోంచి ఏం పోయిందన్నది ఎవరూ సరిగ్గా లెక్కెయ్యలేదనిపిస్తుంది. రాయల్టీ డబ్బు పోయిందని అందరూ అంటారు. నాకు తెలిసి అంతకన్నా పెద్దది ఇంకోటి పోయింది. దాన్ని అర్థం చేసుకోవాలంటే, అది పోకుండా మిగిలిన ఒకే ఒక్క పెద్ద దేశం అమెరికాకి వెళ్లాలి.

టెక్సస్‌లో స్పానిష్ రాజుల కాలం నుంచీ ఖనిజాలు రాజ్యానివే. 1866 రాజ్యాంగంలో అప్పటిదాకా ప్రైవేటు చేతుల్లోకి వెళ్లిన భూముల కింద ఖనిజాల్ని భూమి యజమానులకి వదిలేశారు. న్యూజిలాండు చేసినదానికి సరిగ్గా తలకిందులు. అప్పట్నుంచీ అక్కడ కంపెనీ తవ్వాలంటే రైతు గుమ్మం ఎక్కాలి, లీజు రాయించుకోవాలి. మొదటి రోజుల్లో ఈ లీజులు మహా మోసం. ఎప్పటికో అయ్యే గడువు పెట్టించుకుని, తవ్వకుండా కూర్చుని, భూమిని కట్టిపడేసేవాళ్లు. రైతులు కోర్టుల చుట్టూ తిరిగి, లాయర్లు తల పగలగొట్టుకుని, మెల్లిగా ఒక పద్ధతి స్థిరపడింది. లీజుకి రెండు భాగాలుంటాయి. మొదటిది ప్రైమరీ టర్మ్, మూడేళ్లో ఐదేళ్లో. ఈ లోగా తవ్వి చమురో గ్యాసో తియ్యాలి. తీస్తే, అది వస్తున్నంత కాలం లీజు బతికే ఉంటుంది. తియ్యకపోతే గడువు రోజున దానంతటదే చచ్చిపోతుంది. నోటీసులు, కోర్టులు ఏమీ అక్కర్లేదు. హక్కు తిరిగొచ్చి యజమాని ఒళ్లో పడుతుంది. ఆయన ఇంకో కంపెనీకి, ఇంకో రేటుకి రాసుకోవచ్చు.

ఈ గడువుకి ఎంత బలముందో 2008 తర్వాత చూశాం. లూసియానా, టెక్సస్ సరిహద్దులో హేన్స్‌విల్ షేల్ అని ఒకటి దొరికింది. కంపెనీలు ఎగబడి మూడేళ్ల లీజులు రాయించుకున్నాయి. ఈలోగా ఆర్థిక మాంద్యం వచ్చి గ్యాసు ధర కూలిపోయింది. తవ్వితే నష్టం. అయినా 2010, 2011లో తవ్వుతూనే పోయారు, ఎందుకంటే తవ్వకపోతే లీజు పోతుంది! కోట్ల డాలర్ల కంపెనీని ఒక పల్లెటూరి రైతు కాయితం మీది తారీఖు పరిగెత్తించింది. ఫోర్ట్ వర్త్‌లో ఐతే ఊరి మధ్యలోనే, బార్నెట్ షేల్ పుణ్యమా అని, ఎకరానికి ఇరవై వేల డాలర్ల పైన బోనసు ఇస్తామని 2008లో ఇళ్లవాళ్ల వెంటబడ్డారు. ఆ ఏడాది చివరికి ఆ ఆఫర్లన్నీ ఆవిరయ్యాయి. అటువైపున్న మిత్రుడొకడు అప్పట్లో ఆశపడి తన డీడు తిరగేస్తే, లేఅవుటు వేసిన బిల్డరు ఖనిజ హక్కులు తన దగ్గరే ఉంచుకుని పై మట్టి మాత్రం అమ్మాడని తేలింది. మనవాళ్లు కొనే కొత్త కాలనీల్లో చాలావాటి సంగతి ఇంతే. మా భాషలో చెప్పాలంటే, ఇల్లు మనదే, పర్మిషన్ మాత్రం రీడ్ ఓన్లీ.

ఇప్పుడు మళ్లీ 1937కి రండి. గడువులు న్యూజిలాండులోనూ ఉన్నాయి. పర్మిట్టు తీసుకున్న కంపెనీ ఫలానా తేదీలోపు బావి తవ్వుతానని ఒప్పుకోవాలి, లేదా ఆ ప్రాంతాన్ని వదిలెయ్యాలి. ఇక్కడి చమురు మనుషులు దీన్నే డ్రిల్ ఆర్ డ్రాప్ అంటారు. కానీ ఆ గడియారం వెల్లింగ్టన్‌లో ఉంటుంది. అది ప్రభుత్వానికీ కంపెనీకీ మధ్య వ్యవహారం. గడువు తీరితే హక్కు వెళ్లేది ప్రభుత్వం దగ్గరికి, పొడిగించేదీ ప్రభుత్వమే. కింద పాలు పితుకుతున్న రైతుకి ఆ తేదీ తెలియాల్సిన అవసరమే లేదు. తన భూమ్మీదికి రావడానికి రిగ్గువాళ్లు ఆయనతో మాట్లాడాలి, దారికీ, పాడైన గడ్డికీ డబ్బిస్తారు. అంతే. పోయింది రాయల్టీ ఒక్కటే కాదు, క్యాలెండరు.

ఆ సంగతి 1937లోనే పసిగట్టినవాడు ఒకాయన ఉన్నాడు. సర్ అపిరానా న్గాటా. ఇక్కడి యాభై డాలర్ల నోటు మీద ఉండే బొమ్మ ఆయనదే. ఈ దేశపు యూనివర్సిటీలో డిగ్రీ తీసుకున్న మొదటి మావోరీ, తూర్పు తీరపు న్గాటి పోరో తెగవాడు, అప్పటికి మూడు దశాబ్దాలుగా పార్లమెంటు సభ్యుడు. ఆయన అడిగింది పెద్ద గొంతెమ్మ కోరికేం కాదు: మావోరీ భూముల కింద చమురు దొరికితే రాయల్టీలో వాళ్లకి వాటా ఇవ్వండి. ప్రభుత్వం ఒప్పుకోలేదు. అందరికీ ఒకే చట్టం, తెల్లవాళ్ల భూములకి లేనిది మీకెందుకు అన్నది వాదన.

వినడానికి సమానంగానే ఉంది. కానీ టారానాకి చరిత్ర తెలిస్తే అలా అనిపించదు. ఆక్లండ్ నుంచి దక్షిణంగా నాలుగైదు గంటలు కారు నడిపితే ఆ మంచు శిఖరం కనిపిస్తుంది. 1860లో అక్కడ భూమి కోసం యుద్ధం మొదలైంది. 1863లో తిరుగుబాటుదారుల భూములు జప్తు చేసే చట్టం చేశారు, 1865లో టారానాకిలో దాదాపు 12 లక్షల ఎకరాలు జప్తు చేశారు. సరిగ్గా అదే 1865లో న్యూ ప్లిమత్ ఊరి పక్క సముద్రపొడ్డున, మోటురోవా దగ్గర, చమురు కోసం బావి తవ్వారు. పెన్సిల్వేనియాలో డ్రేక్ బావి తర్వాత ఆరేళ్లకే! దానికి ఆల్ఫా అని పేరు పెట్టారు. వచ్చింది తక్కువే, కానీ ఆ ఒడ్డున అప్పట్నుంచీ చమురు వాసన పోలేదు. 1881లో పారిహాకా ఊళ్లో శాంతియుతంగా, సరిగ్గా మన సత్యాగ్రహుల్లాగే, పిల్లల్ని ముందు కూర్చోబెట్టుకుని ఎదుర్కొన్నవాళ్ల మీదకి సైన్యాన్ని పంపారు. 1959లో కపునిలో పెద్ద గ్యాసు క్షేత్రం దొరికింది. 1969లో సముద్రంలో మావుయి దొరికింది, అది అప్పటికి ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. 1970లో కపుని గ్యాసు గొట్టాల్లో ఆక్లండ్ చేరింది. మౌంట్ రాస్కిల్ పొయ్యిల్లో ఏళ్ల తరబడి వెలిగిన మంట అక్కడిదే.

అంటే 1937 నాటికే ఆ భూముల్లో చాలాభాగం మావోరీల చేతుల్లో లేదు, తప్పుడు దారిలో పోయింది. మిగిలిన కాస్తా భూమి కిందిది 1937 చట్టంతో పోయింది. వైటాంగి ట్రిబ్యునల్ 2003లో పెట్రోలియం మీద ఇచ్చిన నివేదిక ఈ రెండు ముక్కల్నీ కలిపి చూసింది. 1937కి ముందు తమ భూమి కింద చమురు మీద మావోరీలకి చట్టబద్ధమైన హక్కుందని, అది పరిహారం లేకుండా పోయిందని, కాబట్టి ఒప్పందాల్లో దాన్ని లెక్కలోకి తీసుకోవాలని చెప్పింది. ఆనాటి ప్రభుత్వం, అదీ లేబరే, ఒప్పుకోలేదు. చమురు దేశమంతటిదీ అంది. ఇక్కడే నాకు కాస్త చిరాకు. ఎందుకంటే ఖనిజం తిరిగిచ్చిన చరిత్ర ఈ దేశానికుంది. దక్షిణ ద్వీపంలో దొరికే ఆకుపచ్చ రాయి పౌనమూని 1997లో చట్టం చేసి న్గాయ్ తాహు తెగకి ఇచ్చేశారు. రాయి ఇవ్వగలిగినవాళ్లు చమురులో వాటా ఇవ్వలేకపోవడానికి కారణం సూత్రం కాదు, ధర.

అన్నట్టు మా కొండ మాట. మౌంట్ రాస్కిల్ అగ్నిపర్వతం, కింద దొరికేది ఎర్రటి స్కోరియా రాయి. అది ఆ నాలుగు ఖనిజాల జాబితాలో లేదు, భూమి యజమానిదే. అందుకే పక్కనున్న త్రీ కింగ్స్‌లో కొండ శిఖరాల్ని యజమానులు దర్జాగా తవ్వి రోడ్లకీ రైలు పట్టాలకీ అమ్ముకున్నారు. ఇప్పుడు బిగ్ కింగ్ ఒక్కటే మిగిలింది. యజమాని చేతిలో ఉంటే బాగుండేదని మరీ పొంగిపోకుండా ఆ గుంతని అప్పుడప్పుడు చూసొస్తుంటాను.

ఇక కోనసీమ. ఇదంతా మా చిన్న మావయ్యకి ఫోన్లో చెప్తే "ఏరా అబ్బాయ్, అంత దూరం పోయి తెలుసుకున్నది ఇదా? మా తోటకొచ్చి అడిగితే చెప్పేవాణ్ణి కదా" అన్నాడు. ఆయన కొబ్బరి తోట మధ్యలోంచి ఒక గ్యాసు గొట్టం పోతుంది. ఎవరిదన్నది వదిలెయ్యండి. 1962లో పార్లమెంటు పైపులైన్ల చట్టం ఒకటి చేసింది. దాని ప్రకారం భూమి తీసుకోరు, వాడుకునే హక్కు మాత్రం తీసుకుంటారు. పట్టా మీదే, శిస్తు మీదే. దానికి పరిహారం, నోటిఫికేషన్ నాటి మార్కెట్ ధరలో పది శాతం, పంటకీ చెట్లకీ జరిగిన నష్టం వేరే. ఆ గీత మీద ఇల్లు కట్టకూడదు, నుయ్యి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. వరి పండే చోటైతే ఇది పెద్ద విషయం కాదు, గొట్టం పూడ్చాక మళ్లీ ఊడ్చుకోవచ్చు. కొబ్బరి తోటలో చెట్టు నాటకూడదంటే ఇక ఆ నేల ఉన్నట్టా లేనట్టా? పైగా ఆ హక్కుకి గడువు లేదు. "పది శాతం ఇచ్చి తొంభై శాతం నాకొదిలేశారు, ఆ తొంభైలో ఏం పెట్టుకోవాలో చెప్పలేదు" అంటాడు మావయ్య. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గెయిల్ గొట్టం పేలి ఇరవై మందికి పైగా చనిపోయాక ఆయన ఆ గీత పక్కన నిలబడి చుట్ట వెలిగించడం మానేశాడు. అంతకుముందు 1995లో పాశర్లపూడి బావి 65 రోజులు మండినప్పుడు అర్ధరాత్రి కూడా తన తోటలో ఆకుల నీడ కనిపించేదని చెప్తాడు.

మరి అక్కడ నేల కిందిది ఎవరిది? 1802 పర్మనెంట్ సెటిల్‌మెంటుతో ఉత్తర సర్కార్ల జమీందార్లకి భూమ్మీద హక్కులు స్థిరపడ్డాయి. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి వాటిని ప్రభుత్వానికి దఖలు పరిచింది. ఆ చట్టంలో ఏమేం పోయాయో వరుసగా రాశారు: బంజర్లు, పచ్చిక బయళ్లు, అడవులు, గనులు, ఖనిజాలు, నదులు... గోదావరి వాళ్లకి నచ్చే మాట ఒకటుంది అందులో, లంక భూములు. ఇంగ్లీషు చట్టంలో మన మాట అలాగే కూర్చుంది. అదే 1948లో కేంద్రం ఆయిల్‌ఫీల్డ్స్ చట్టం చేసింది. 1959 నాటి నిబంధనల్లో అన్వేషణ లైసెన్సుకి నాలుగేళ్లు, తవ్వకపు లీజుకి ఇరవై ఏళ్లు అని రాశారు. రాయల్టీ రాష్ట్రానికి. రైతు పేరు ఎక్కడా లేదు. ఇందులో తమాషా ఏంటంటే, 2013లో సుప్రీంకోర్టు మలబారు భూయజమానుల కేసులో, చట్టం స్పష్టంగా తీసేస్తే తప్ప నేల కిందిది భూమి యజమానిదే అంది. న్గాటా బతికుంటే ఆ తీర్పు చదివి ఏమనేవాడో. కానీ ఆ తీర్పు పట్టుకుని కోనసీమలో చమురు మీద గెలిచినవాడు నాకు తెలిసి లేడు.

గడియారం విషయానికొస్తే, మన దగ్గర రెండు కథలు చెప్పుకోవాలి. మొదటిది కేజీ డీ6. సముద్రంలో ఆ బ్లాకు విస్తీర్ణం 7,645 చదరపు కిలోమీటర్లు. 2000లో కుదిరిన ఒప్పందం ప్రకారం, అన్వేషణ దశ ముగిసినప్పుడల్లా కొంత భాగం వదులుకోవాలి. అలా వదలకుండా మొత్తాన్నీ కనుగొన్న ప్రాంతంగా ప్రకటించి ఉంచుకోనిచ్చారని 2011లో కాగ్ తప్పుపట్టింది. 2013లో గానీ చాలా భాగం వెనక్కిమ్మని ప్రభుత్వం చెప్పలేదు. అంబానీ అన్నదమ్ముల తగువులో 2010 మే 7న సుప్రీంకోర్టు గ్యాసు జాతి సొత్తని, ధర నిర్ణయించేది ప్రభుత్వమని చెప్పింది. బాగానే చెప్పింది. కానీ ఆ సొత్తుకి కాపలా ఉండాల్సిన ప్రభుత్వం గడువు దాటుతుంటే ఏళ్ల తరబడి ఊరుకుంది. హేన్స్‌విల్ రైతైతే ఊరుకునేవాడా? మర్నాడు పొద్దున్నే ఇంకో కంపెనీ వాడితో కాఫీ తాగుతుండేవాడు.

అలాగని ప్రభుత్వం చేతిలో గడియారం ఎప్పుడూ పనికిరాదనీ కాదు. ఇక్కడ 2018లో ప్రభుత్వం సముద్రంలో కొత్త పర్మిట్లు ఇవ్వనంది, 2025లో ఇంకో ప్రభుత్వం ఆ నిషేధం ఎత్తేసింది. వేల మంది భూయజమానులుంటే ఇలా ఒక్క మాటతో ఆపడం సాధ్యం కాదు. ఐతే చమురు అయిపోయాక జరిగేది కూడా చూడాలి. టారానాకి సముద్రంలో టూయీ క్షేత్రాన్ని నడిపిన టామరిండ్ అనే కంపెనీ (పేరు చూసి పులిహోర గుర్తొస్తే నా తప్పు కాదు) 2019 చివర్లో దివాలా తీసింది. బావులు మూసే ఖర్చు వంద మిలియన్ల డాలర్లకి పైనే ప్రభుత్వం మీద పడింది. అందులో నా పన్ను కూడా ఉంది. చమురు క్రౌన్‌దైతే బిల్లూ క్రౌన్‌దే.

రెండోది రవ్వ. అమలాపురం దగ్గర సముద్రంలో, 1987లో ఓఎన్‌జీసీ కనుగొన్నది. గట్టు మీద దాని టెర్మినల్ సూరసాని యానాంలో ఉంది. 1994 అక్టోబరు 28న పాతికేళ్లకి ఒప్పందం రాసుకున్నారు. 2019 అక్టోబరు 27తో అది తీరింది, ఢిల్లీలో కూర్చుని ఇంకో పదేళ్లు పొడిగించారు. పొడిగించే విధానంలో ప్రభుత్వపు లాభాల వాటా పెరిగింది, మంచిదే. ఊరికేం కావాలని ఆ ఊళ్లో అడిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని మావయ్యని అడిగాను. "అక్టోబరు నెలలోనా? అప్పుడు తుఫాను హడావిడిలో ఉంటాం కదరా, ఎవరొచ్చారో ఎవరు చూశారు" అన్నాడు. తర్వాత కాసేపాగి, మళ్లీ ఆ గడువు ఎప్పుడు తీరుతుందని అడిగాడు. 2029 అక్టోబరు అని చెప్పాను. రాసుకోవడానికి పెన్ను కోసం వెతుకుతున్న చప్పుడు ఫోన్లో వినిపించింది.